పొడి నీళ్ళలా పారితే: పిండిడబ్బా నుంచి సిమెంట్ టవర్ దాకా

(ఇది వీడియో ఎపిసోడ్‌కి మాటల రూపం. వీడియోలో చేసి చూపించినవి చదివేవాళ్ళకి కూడా అర్థమయ్యేలా అక్కడక్కడా మాటల్లో చేర్చాం.)

 

ఈరోజు ఎపిసోడ్ ఒక స్టీలు డబ్బాతో మొదలుపెడదాం. పొద్దున్నే మా అమ్మ పిండిమరకి పంపించింది. బియ్యప్పిండి పట్టించుకొచ్చా. చూడండి, మూత దాకా నిండుగా ఉంది. ఇప్పుడు ఈ డబ్బాని నేలమీద నాలుగుసార్లు తడుతున్నా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇప్పుడు చూడండి. రెండు వేళ్ళ మేర దిగిపోయింది.

మా అమ్మమ్మ ఉన్నప్పుడు ఇలా జరిగితే "మరోడు పిండి కొట్టేశాడ్రా" అనేది. పాపం, ఆయన ఏమీ కొట్టెయ్యలేదు. తగ్గింది పిండి కాదు, గాలి. మరలోంచి పడేటప్పుడు పిండి రేణువుల మధ్య గాలి ఇరుక్కుంటుంది. తడితే ఆ గాలి బయటికి పోతుంది.

ఇంకో సంగతి గమనించండి. తట్టకముందు డబ్బా అటూ ఇటూ ఊపితే పిండి పైన అలలా కదిలింది. వేలు పెడితే సర్రున దిగిపోయింది. తట్టాక అదే వేలు పెడితే అడ్డుపడుతోంది. గట్టిగా నొక్కితే వేలు గుర్తు అలాగే ఉండిపోతోంది. పిండి అదే, డబ్బా అదే. లోపల గాలి ఉంటే నీళ్ళలా, గాలి పోతే ముద్దలా.

ఈ చిన్న విషయం మీదే పెట్రోలు రిఫైనరీలు నడుస్తున్నాయి, పవర్ ప్లాంట్లు నడుస్తున్నాయి, సిమెంట్ తయారవుతోంది. ఇదే విషయం మర్చిపోయి ఒక రాత్రి నేను చేసిన తప్పు వల్ల ఒక కుర్రాడి కాళ్ళు కాలిపోయాయి. అది కూడా చెప్తాను. కానీ ముందు సబ్జెక్టు. అది అర్థం కాకపోతే ఆ రాత్రి ఏం జరిగిందో అర్థం కాదు.

మల్టీఫేజ్ అంటే ఏంటి?

పేరు చూసి భయపడకండి. ఘనం, ద్రవం, వాయువు. ఈ మూడింటిలో ఏ రెండో, మూడో కలిసి పారితే దాన్ని మల్టీఫేజ్ ఫ్లో అంటాం. అంతే.

పల్లెటూరి వాళ్ళకి కంప్రెసర్ బోరు తెలిసే ఉంటుంది. బోరులోకి ఒక సన్న పైపులోంచి గాలి కొడతారు. గాలి బుడగలు కలిసిన నీళ్ళు తేలికైపోతాయి, పైకి లేస్తాయి. ఆ నీళ్ళు ఎలా వస్తాయో గుర్తుందా? కాసేపు గాలి, కాసేపు నీళ్ళు, గుక్కలు గుక్కలుగా. ఇంజనీర్లు దాన్ని స్లగ్ ఫ్లో అంటారు. గాలీ నీళ్ళూ కలిసి పారుతున్నాయి కాబట్టి అది మల్టీఫేజ్.

ఏటి ఒడ్డున ఊబి గురించి పెద్దవాళ్ళు భయపెట్టి ఉంటారు. ఊబిలో ఇసుక మామూలు ఇసుకే. కింద నుంచి నీళ్ళు ఊరుతూ ఇసుక రేణువులని కాస్త పైకి నెడుతుంటాయి. రేణువులు ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆనుకోవు. పైకి నేలలాగే కనపడుతుంది, కాలు పెడితే దిగిపోతుంది. ఇసుకా నీళ్ళూ కాబట్టి అదీ మల్టీఫేజే.

నీళ్ళకి బదులు గాలి పెట్టండి. ఇసుక కింద నుంచి గాలి పంపండి. దాన్నే ఫ్లూయిడైజేషన్ అంటాం. పొడిని ద్రవంలా ప్రవర్తించేలా చెయ్యడం.

ఒక గొట్టం, కొంచెం ఇసుక

ఇదిగో నా సెటప్. ఒక పారదర్శకమైన గొట్టం. అడుగున బిగుతుగా గుడ్డ కట్టాను. గాలి పోతుంది, ఇసుక జారదు. దాని కింద చిన్న బ్లోయర్. గొట్టంలో 30 సెంటీమీటర్ల ఎత్తు ఇసుక పోశాను. ఇసుక అడుగున ఒక ప్లాస్టిక్ టేబుల్ టెన్నిస్ బంతి పాతిపెట్టాను. పైన ఒక ఇనుప బోల్టు పెట్టాను.

బ్లోయర్ మెల్లగా తిప్పుతున్నా. ఇప్పుడు గాలి రేణువుల సందుల్లోంచి పోతోంది. ఇసుక కదలట్లేదు. ఇంకొంచెం పెంచుతున్నా. ఇంకా కదలట్లేదు. ఇంకొంచెం...

చూశారా! ఇసుక ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కాస్త ఉబ్బింది. ఇప్పుడు ఎసరు మరుగుతున్నట్టు బుడగలు వస్తున్నాయి. బోల్టు మునిగిపోయింది. బంతి పైకి తేలింది! నీళ్ళల్లో అయితే ఏం జరుగుతుందో సరిగ్గా అదే జరిగింది.

ఎందుకిలా? సందుల్లోంచి పోయే గాలి ప్రతి రేణువునీ రాసుకుంటూ పోతుంది, పైకి లాగుతుంది. గాలి వేగం పెరిగేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. ఒక దశలో మొత్తం లాగుడు, ఇసుక మొత్తం బరువుకి సమానమవుతుంది. ఆ క్షణం నుంచి ఇసుకని మోస్తున్నది గొట్టం అడుగు కాదు, గాలి.

లెక్క కావాలంటే చాలా ఈజీ. ఘనమీటరు ఇసుక సుమారు 1500 కిలోలు. 30 సెంటీమీటర్ల ఎత్తు అంటే చదరపు మీటరుకి 450 కిలోలు. దీన్ని మోయాలంటే గాలి ఒత్తిడి 450 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానంగా ఉండాలి. గొట్టం సన్నగా ఉన్నా లావుగా ఉన్నా ఇదే లెక్క. ఆ పైన గాలి ఎంత పెంచినా ఒత్తిడి దాదాపు అంతే ఉంటుంది, ఎక్కువైన గాలి బుడగలుగా పోతుంది.

ఇసుక ఇలా లేవడానికి కావాల్సిన కనీస వేగాన్ని మినిమమ్ ఫ్లూయిడైజేషన్ వెలాసిటీ అంటారు. కెమికల్, మెకానికల్ చదివేవాళ్ళకి ఇది తెలిసిన పేరే. అర మిల్లీమీటరు ఇసుకకి ఈ వేగం సెకనుకి సుమారు 20 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఒక ప్రశ్న. రేణువు సైజు పదో వంతుకి తగ్గిస్తే? అంటే 0.05 మిల్లీమీటర్లు, పిండిలాంటి సన్న పొడి. కావాల్సిన వేగం ఎంత తగ్గుతుంది? పది రెట్లా?

కాదు. దాదాపు వంద రెట్లు! సెకనుకి 2 మిల్లీమీటర్లు చాలు. అంత మెల్లగా కదిలే గాలి మీ చెంపకి తగిలినా మీకు తెలీదు. కానీ ఆ పొడిని నీళ్ళలా చెయ్యడానికి అది సరిపోతుంది. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి. కథలో మళ్ళీ వస్తుంది.

దీంతో ఏం చేస్తారు?

జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ అనే ఆయన 1920ల్లో బొగ్గు పొడిని ఇలా గాలితో మరిగించి గ్యాస్ తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. 1926లో లొయ్‌నాలో పెద్ద ప్లాంటు నడిచింది. తర్వాత రెండో ప్రపంచయుద్ధం. విమానాలకి మంచి పెట్రోలు కావాలి. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్లు వారెన్ లూయిస్, ఎడ్విన్ గిల్లిలాండ్ చేసిన పని ఆధారంగా 1942 మేలో బేటన్ రూజ్‌లో మొదటి ఫ్లూయిడ్ క్యాటలిటిక్ క్రాకింగ్ యూనిట్ మొదలైంది. బరువైన నూనెని వేడి క్యాటలిస్ట్ పొడి మీద విరగ్గొట్టి పెట్రోలు చేస్తారు. ఆ పొడి మీద మసి పేరుకుంటుంది. దాన్ని పక్క పాత్రలోకి పారించి, మసి కాల్చేసి, మళ్ళీ వెనక్కి పారిస్తారు. ఘనపదార్థాన్ని పైపుల్లో నీళ్ళలా తిప్పుతున్నారన్నమాట. పెద్ద యూనిట్లలో నిమిషానికి పదుల టన్నుల పొడి తిరుగుతుంది. మన విశాఖపట్నం రిఫైనరీలో కూడా ఈ యూనిట్లున్నాయి. మీ బండిలో పోసుకునే పెట్రోలులో కొంత ఇలా మరిగే పొడిని తాకి వచ్చిందే.

రోడ్డు మీద గుండ్రటి పొట్టతో సిమెంట్ బల్కర్ లారీలు చూస్తుంటారు కదా. అందులోంచి సిమెంట్‌ని పారలతో తియ్యరు. లోపలికి గాలి కొట్టి, పొడిని నీళ్ళలా చేసి, పైపులో పారిస్తారు. ఫ్యాక్టరీ లోపల ఎయిర్‌స్లైడ్ అని ఒక కాలువ ఉంటుంది. మధ్యలో గుడ్డ, గుడ్డ కింద గాలి, పైన పొడి. ఆరేడు డిగ్రీల వాలు చాలు, టన్నుల కొద్దీ పొడి వాగులా పారిపోతుంది. ఊకతో నడిచే చిన్న పవర్ ప్లాంట్లలో చాలావాటి బాయిలర్లలో మరిగే ఇసుకలోనే ఊక కాలుతుంది.

అన్ని పొడులూ ఒకేలా ప్రవర్తించవు. 1973లో గెల్డార్ట్ అనే శాస్త్రవేత్త పొడులని ఎ, బి, సి, డి అని నాలుగు గ్రూపులు చేశాడు. ఇసుక బి గ్రూపు, గాలి ఆపగానే టక్కున కూర్చుంటుంది. రిఫైనరీ క్యాటలిస్ట్ ఎ గ్రూపు, బాగా ఉబ్బుతుంది, గాలి ఆపినా కాసేపు ద్రవంలాగే ఉంటుంది. పిండి, సిమెంట్ లాంటి మరీ సన్నటివి సి గ్రూపు. ఇవి పెంకివి. రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి. కదలవు, కమాను కట్టుకుని నిలబడతాయి. కానీ ఒకసారి గాలి బాగా పట్టిందా, ఆ గాలి తొందరగా వదలవు. అంటే ఒకే పొడి, పొద్దున రాయి, మధ్యాహ్నం నీళ్ళు.

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వద్దాం.

టవర్ మీద ఒక రాత్రి

సూర్యాపేట, నంద్యాల, కడప, జగ్గయ్యపేట వైపు బస్సులో వెళ్తుంటే సిమెంట్ ఫ్యాక్టరీల్లో అన్నిటికన్నా ఎత్తుగా ఒక టవరు కనపడుతుంది. దాన్ని ప్రీహీటర్ అంటారు. అందులో ఒకదాని కింద ఒకటి సైక్లోన్లు ఉంటాయి. పైన వెడల్పుగా, కింద గరాటులా ఉండే పెద్ద పాత్రలు. పైనుంచి సున్నపురాయి పొడి దిగుతుంది, కింద కిల్న్ నుంచి వేడి గాలి పైకి వెళ్తుంది. అట్టడుగు సైక్లోన్‌కి వచ్చేసరికి పొడి దాదాపు 850 డిగ్రీలు ఉంటుంది. వాళ్ళు దాన్ని మీల్ అంటారు, హాట్ మీల్.

బీటెక్ అయిపోయి ట్రైనీగా చేరి ఏడు నెలలు అప్పటికి. ఏ ప్లాంటో చెప్పను. నైట్ షిఫ్ట్. రెండున్నర ప్రాంతంలో కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. అడుగు సైక్లోన్ జామ్. అంటే గరాటు మూతి దగ్గర పొడి గడ్డకట్టి ఆగిపోయింది. పైనుంచి వస్తున్నది అంతా దాని మీద పేరుకుంటోంది. ఇది ప్లాంట్లలో జరిగేదే. పొడిలో క్లోరైడ్, సల్ఫర్, ఆల్కలీలు ఎక్కువైతే గోడలకి జిగురులా పట్టేస్తుంది. ఒక్కోసారి పైన పట్టిన పెచ్చు ఊడి మూతికి అడ్డం పడుతుంది. ఒక్కోసారి ఫ్లాప్ వాల్వ్ ఇరుక్కుంటుంది.

ఫీడ్ ఆపేశారు. మేం నలుగురం పైకెళ్ళాం. గరాటుకి పక్కన చిన్న చిన్న రంధ్రాలుంటాయి, పోక్ హోల్స్ అంటారు. మూత తీసి పొడవాటి ఇనుప గొట్టంతో పొడవాలి, గాలి కొట్టాలి. మాతో కాంట్రాక్ట్ మీద పనిచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అందరం కాకా అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళుగా అదే పని.

పని మొదలుపెట్టే ముందు పర్మిట్ కాగితం నింపాలి. అందులో ఒక గడి: కింది ఫ్లోర్లలో మనుషులెవరూ లేరు. ఆ టిక్ పెట్టింది నేనే. కిందికి వెళ్ళి చూడలేదు. రాత్రి రెండున్నరకి ఎవరుంటారు అనుకున్నా.

మూత తీశాం. ఏమీ రాలేదు. లోపల తెల్లగా గోడలా కనపడుతోంది. పొడిస్తే టంగుమంటోంది. ఇరవై నిమిషాలు పొడిచాం. నేను రంధ్రానికి ఎదురుగా వెళ్ళి లోపలికి తొంగిచూడబోయాను. కాకా నా భుజం పట్టి పక్కకి లాగాడు.

"సారూ, రాయి లెక్క కనపడ్తది గానీ నమ్మకుండ్రి. కదిలిందంటే నీళ్ళే."

నేను నవ్వాను. "ఇంత గట్టిగా ఉంది కదా కాకా" అన్నాను.

ఇంకో రెండు నిమిషాలకి లోపల ఏదో విరిగిన చప్పుడు. ఆ వెంటనే రంధ్రంలోంచి పొడి దూసుకొచ్చింది. పొడిలా రాలేదు, ట్యాంకర్ వాల్వ్ విరిగితే నీళ్ళు వచ్చినట్టు వచ్చింది. ఎదురుగా ఉన్న రెయిలింగ్‌ని కొట్టి, ఫ్లోరు మీద పరుచుకుని, మెట్ల సందులోంచి కిందికి పారింది. మేం పక్కన ఉన్నాం కాబట్టి బతికాం. నా చెయ్యి కొంచెం, కనుబొమ్మలు కాలాయి. అంతే.

రెండు ఫ్లోర్ల కింద ఒక కుర్రాడు ఉన్నాడు. మాకు టీ తెస్తున్నాడు. 22 ఏళ్ళు. అడ్డుగా తాడు లేదు, ఆపే మనిషి లేడు. పొడి మెట్ల మీదుగా మోకాళ్ళ ఎత్తు వచ్చింది. ప్యాంటు బూట్ల లోపలికి దోపుకున్నాడు. పొడి బూట్లలోకి దిగింది. అవి విప్పడానికి పట్టిన టైమ్ ఉంది చూశారా... దాని గురించి ఇంక చెప్పలేను.

బతికాడు. నెలల తరబడి హాస్పిటల్లో ఉన్నాడు. ఇప్పుడు నడుస్తాడు. కానీ ఆ పనికి మళ్ళీ రాలేకపోయాడు.

నాకు తెలిసీ ఎందుకు తెలియలేదు?

కాలేజీలో మినిమమ్ ఫ్లూయిడైజేషన్ వెలాసిటీ డెరివేషన్ నాకు నోటికొచ్చు. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. ఆ రాత్రి మాత్రం నా ముందున్నది అదే అని తట్టలేదు. పుస్తకంలో అది గాజు గొట్టంలో ఇసుక. ఇక్కడ అది టవరు మీద వేడి పొడి. అందుకే ఇప్పుడు మీతో కలిసి మెల్లగా లెక్కేస్తాను.

మొదటి సంగతి. కూర్చున్న పొడికీ, గాలి పట్టిన పొడికీ అడుగున ఒత్తిడి ఒకేలా ఉండదు. గాదెలో ధాన్యం ఎంత ఎత్తు పోసినా అడుగున బరువు అంతకంతకూ పెరగదు, గోడలు రాపిడితో చాలా బరువు మోస్తాయి. ఈ సంగతి 1895లోనే జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీర్ చూపించాడు. అందుకే కూర్చున్న పొడి రంధ్రం తెరిచినా ఊరుకుంటుంది. కానీ గాలి పట్టిందంటే గోడల సాయం పోతుంది. మొత్తం బరువు నీళ్ళ ట్యాంకులోలాగా కిందికి వస్తుంది. 5 మీటర్ల ఎత్తు ద్రవం కింద రంధ్రం తెరిస్తే బయటికొచ్చే వేగం సెకనుకి దాదాపు 10 మీటర్లు. అంటే గంటకి 36 కిలోమీటర్లు. రాపిడి వల్ల కొంత తగ్గుతుంది అనుకున్నా, మెట్ల మీద మనిషి దాన్ని దాటి పరిగెత్తలేడు.

రెండో సంగతి. మరి గాలి ఎక్కడిది? ఫీడ్ ఆపేశాం కదా? ఇందాక చెప్పిన నంబరు గుర్తుందా, సెకనుకి 2 మిల్లీమీటర్లు? అది మామూలు గాలికి. వేడెక్కితే నూనె పల్చబడుతుంది, వాయువు మాత్రం చిక్కబడుతుంది. 850 డిగ్రీల దగ్గర ఆ పొడిని లేపడానికి సెకనుకి ఒక మిల్లీమీటరు వేగం కూడా అక్కర్లేదు. మనం గొట్టంతో కొట్టే గాలే సరిపోతుంది. అంతే కాదు, పైన పేరుకున్నది ఒక్కసారి కింద ఖాళీలోకి కూలితే దారిలో ఉన్న వాయువుని తనలో ఇరికించుకుంటుంది. పిండిమరలో పిండి గాలిని పట్టుకున్నట్టే.

మూడో సంగతి, ఇది చాలామందికి తెలీదు. ఆ పొడి తనకి కావాల్సిన వాయువుని తనే పుట్టించుకుంటుంది. సున్నపురాయి వేడికి విరిగి సున్నం, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పూర్తిగా విరిగితే 44 కిలోల వాయువు వస్తుంది. అడుగు సైక్లోన్‌లో చాలాభాగం అప్పటికే విరిగిపోయి ఉంటుంది, కానీ మిగిలింది ఆ వేడికి ఇంకా విరుగుతూనే ఉంటుంది. ప్రతి రేణువు పక్కనా కొత్త వాయువు పుడుతోందన్నమాట. బయటి నుంచి బ్లోయర్ ఎందుకిక?

నాలుగోది నీళ్ళు. తెలియనివాళ్ళు బకెట్ నీళ్ళు పోద్దాం అంటారు. లీటరు నీళ్ళు ఆవిరైతే దాదాపు 1700 లీటర్లు అవుతుంది. ఆ వేడిలో ఇంకా ఎక్కువ. గడ్డ లోపల అది జరిగితే పేలుడే. పైగా సున్నానికి నీళ్ళు తగిలితే మళ్ళీ వేడి పుడుతుంది. హై ప్రెషర్ వాటర్ జెట్‌తో క్లీన్ చేసే పద్ధతి ఉంది, కానీ అది దానికోసం ట్రైనింగ్ అయినవాళ్ళు, దాని పరికరాలతో చేసే పని.

ఈ నాలుగూ కాకాకి ఎవరూ చెప్పలేదు. కానీ "కదిలిందంటే నీళ్ళే" అన్న ఒక్క మాటలో ఆయన మొత్తం చెప్పేశాడు. నా దగ్గర ఫార్ములా ఉంది, ఆయన దగ్గర దాని అర్థం ఉంది.

అక్కడ పనిచేసేవాళ్ళకి

ఈ ఛానెల్ చూసేవాళ్ళలో ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చేసి సిమెంట్, పవర్ ప్లాంట్లలో చేరేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ప్లాంటు రూల్స్ మీ ప్లాంటువే, అవే పాటించాలి. నేను చెప్పేవి ఎందుకు అనేది అర్థం కావడానికి.

జామ్ క్లీనింగ్ మొదలయ్యే ముందు కింది ఫ్లోర్లన్నీ, మెట్లు, లిఫ్ట్, నేల మీద టవర్ చుట్టూ ఖాళీ చెయ్యాలి. ఫోన్లో అడగడం కాదు, మనిషి వెళ్ళి కళ్ళతో చూసి, తాడు కట్టి, ఒక మనిషిని కాపలా పెట్టాలి. పొడి నీళ్ళలా పారుతుందని తెలిస్తే ఇది ఎందుకో మళ్ళీ చెప్పక్కర్లేదు. నీళ్ళు కిందికే పోతాయి.

ఒకసారికి ఒకే రంధ్రం తెరవాలి. రంధ్రానికి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. వెనక్కి పరిగెత్తే దారి ముందే చూసుకోవాలి, ఆ దారిలో గొట్టాలు, హోస్‌లు అడ్డంగా పడి ఉండకూడదు. ఎయిర్ బ్లాస్టర్లు ఉంటే వాటిని ఆపి, గాలి వదిలేసి, లాక్ చేశాకే మూత ముట్టుకోవాలి. మనిషి ముందు ఉండగా అది పేలితే లోపలి పొడికి గాలి మనమే ఇచ్చినట్టు.

అల్యూమినియం పూత ఉన్న ఫుల్ సూట్, ముఖానికి షీల్డు ఉండాలి. హెల్మెట్, కాటన్ చొక్కా చాలవు. ఇంకోటి, ప్యాంటు కాళ్ళు బూట్ల పైనుంచి రావాలి, బూట్ల లోపలికి కాదు. చిన్న విషయంలా ఉంటుంది. నాకు మాత్రం కాదు.

ఒకవేళ ఎవరికైనా పడితే: ముందు అక్కడి నుంచి బయటికి తీసుకురండి. పొడి ఉన్న బట్టలు, బూట్లు తీసెయ్యండి, చర్మానికి అంటుకుపోయినవి మాత్రం లాగొద్దు. ఒంటి మీద పొడి సున్నం ఉంటే ముందు దులిపెయ్యండి, ఆ తర్వాత ధారగా నీళ్ళు కనీసం 20 నిమిషాలు. కంట్లో పడితే నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు ఏమీ రాయొద్దు. ఎవరో ఒకరు అప్పటికే 108కి ఫోన్ చేసి ఉండాలి.

ట్రైనీలకి ఒక్క మాట. మీ చేతికి పర్మిట్ కాగితం వస్తుంది. అందులో గడులు చాలా ఉంటాయి. పైవాళ్ళు తొందరపెడతారు, కిల్న్ ఆగితే గంటకి ఎంత నష్టమో చెప్తారు. చూడనిదానికి టిక్ పెట్టొద్దు. "సార్, ఐదు నిమిషాలు, కిందికి వెళ్ళి చూసొస్తా" అనండి. తిడతారేమో, తిట్టనివ్వండి. ఆ ఐదు నిమిషాలు నేను అడగలేదు.

మీరు ఇంట్లో చెయ్యగలిగింది

ప్లాంటుకి వెళ్ళనివాళ్ళు కూడా ఇవాళ ఒకటి చెయ్యండి. కొత్తగా పట్టించిన పిండి డబ్బాలో ఒక బరువైన నాణెం మెల్లగా పెట్టండి. పక్కనే నిన్నటి, కూర్చున్న పిండిలో ఇంకో నాణెం పెట్టండి. రెండు డబ్బాలూ మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఏ నాణెం ఎంత దిగిందో చూడండి. వీడియో తీసి కామెంట్లలో పెట్టండి. పిండి వేస్ట్ చేశారని అమ్మ తిడితే నా పేరు చెప్పొద్దు.

పోయిన సంక్రాంతికి కాకా ఇంటికెళ్ళాను. పని మానేశాడు, మనవరాలితో ఉంటున్నాడు. ఆ అమ్మాయి డిప్లొమా కెమికల్ రెండో సంవత్సరం. పుస్తకం తెచ్చి ఫ్లూయిడైజేషన్ చాప్టర్ చూపించి, ఇది పరీక్షకి వస్తుందా అని అడిగింది. నేను చెప్పేలోపే కాకా అందుకున్నాడు. "పరీక్షల రాకున్నా చదువు బిడ్డా" అన్నాడు.

నేనూ మీకు అదే చెప్తున్నా. వచ్చే వారం కంప్రెసర్ బోరులో నీళ్ళు గుక్కలుగా ఎందుకు వస్తాయో, కరెంటు ఎందుకంత ఎక్కువ తింటుందో లెక్కలతో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. నమస్తే.